గాలి ఫిరంగికి కిటికీ ఎటువైపు?

కాగితపు ఉండ మళ్ళీ జారి కింద పడింది.

"ఏం చేతులురా నీవి, శ్రీనాథ్? జర సూసి వెయ్యరాదా!" కమ్లి విసుక్కుంది.

శ్రీనాథ్ బెంచీ కిందికి దూరి ఉండను వెతికాడు.

రేపే సూర్యాపేటలో సైన్స్ ఫెయిర్. ఈ ఇద్దరూ కలిసి గాలి ఫిరంగి తయారుచేశారు. గొట్టంలో ఉండ వేసి, సైకిల్ పంపుతో దానికి బిగించిన సీసాలోకి గాలి కొట్టి, కుళాయి తిప్పితే చాలు; ఉండ రివ్వున ఎగిరి దూరంగా ఉన్న బకెట్లో పడుతుంది.

ఉండ వేయడానికి గొట్టం పక్కన కమ్లి ఒక కిటికీ కోసింది. దానికి ఇటూ అటూ జరిగే మూత అమర్చింది. కమ్లి అయితే రెప్పపాటులో మూత జరిపి ఉండ వేసేస్తుంది. కానీ ఇద్దరూ వంతులవారీగా వేయాలన్నది పోటీ నియమం.

"ఇగ నీతోని కాదు. మేడంకు చెప్పి సేవ్యాను పెట్టుకుంట."

శ్రీనాథ్ మొహం చిన్నబోయింది. "గొట్టాలన్నీ అతికించింది నేనే గద..." అని గొణిగాడు.

కమ్లి పిలవగానే వాళ్ళ తరగతి సేవ్యా హుషారుగా వచ్చాడు. మూత జరిపాడు. ఉండ సరిగ్గా అక్కడే జారిపడింది.

"ఇదేం గొట్టమే కమ్లీ! నీ మాట తప్ప ఎవ్వల మాటా ఇనదా?" అని పకపకా నవ్వాడు.

కమ్లికి కోపం రాలేదు, వింతగా తోచింది. ఇద్దరికీ ఒకే చోట ఎందుకు జారింది?

"శ్రీనాథ్, మల్లొకసారి వెయ్. మెల్లగ."

ఈసారి ఆమె ఉండను చూడలేదు, అతని చేతిని చూసింది. కిటికీ గొట్టానికి ఎడమవైపున ఉంది. శ్రీనాథ్ కుడిచెయ్యి గొట్టం మీదుగా వంకర తిరిగి అవతలికి పోతోంది. మోచెయ్యి అడ్డమొచ్చి అతనికి కిటికీ కనబడడమే లేదు.

కమ్లిది ఎడమచేతి వాటం. తనూ కుడిచేత్తో వేసి చూసింది. ఉండ టప్పున కింద పడింది.

ఆమెకు క్రాఫ్ట్ పీరియడ్ గుర్తొచ్చింది. కుడిచేతివాళ్ళ కోసం చేసిన బడి కత్తెర ఆమె చేతిలో కాగితాన్ని కోయదు, నలిపేస్తుంది. "పుర్రచెయ్యికి పని రాదు" అని వెనక బెంచీవాళ్ళు నవ్విన రోజు అన్నం కూడా సయించలేదు.

"నా చెయ్యికి వాటంగ కోసుకున్న, శ్రీనాథ్. నిన్ను ఊకెనే తిట్టిన," అంటూ టేపు ఊడదీసింది. గొట్టాన్ని తిప్పి, కిటికీ సరిగ్గా పైకి వచ్చేలా మళ్ళీ బిగించింది. "ఇప్పుడు ఏ చెయ్యితోనైనా వెయ్."

శ్రీనాథ్ కుడిచేత్తో వేశాడు. ఉండ బుద్ధిగా లోపలికి దిగింది.

అంతలో యమున మేడం తలుపు దగ్గర ఆగింది. "పేర్లు పంపాలె. రేపు ఎవరెవరు వస్తున్నరు?"

"నేను, శ్రీనాథ్, మేడం," అంది కమ్లి, సైకిల్ పంపును తన ముందుకు లాక్కుంటూ. "మొదటి ఉండ వాడే వేస్తడు."