ఇమ్మానుయేలు సారు హార్మోనియం

ఓరుగల్లు సుబేదారిలో ఒక సందు ఉంది. చీకటి పడితే ఆటోవాళ్ళు అందులోకి రారు. "మెయిన్ రోడ్డు మీద దించుతా, నడుసుకుంట పోండ్రి" అంటారు. ఎందుకంటే మాత్రం చెప్పరు. పాన్‌డబ్బా దగ్గర రెండు నిమిషాలు నిలబడితే అక్కడివాళ్ళే చెబుతారు — సందు చివర ఇమ్మానుయేలు సారు ఇల్లుంది కదా, అందులో మనిషి లేడు... హార్మోనియం మాత్రం మోగుతుంది.

సారు పోయి చాలా ఏళ్ళయింది. బడిలో తెలుగు చెప్పేవాడు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఇంట్లో తన హార్మోనియం పెట్టె ముందు కూర్చుని, తిత్తి మీద చెయ్యి ఉండగానే ప్రాణం పోయిందంటారు. అప్పటికి పాట సగంలో ఉందట. ఆ మిగిలిన సగం కోసమే తిరిగి వస్తాడని సందులో అందరి మాట. కళ్ళారా చూసినవాళ్ళు లేరు గానీ, చెవులారా విన్నవాళ్ళు ఇంటికొకరున్నారు. పాలు పోసే సమ్మమ్మ అయితే ఆ ఇంటి ముందుకు రాగానే కొంగు చెవులకు చుట్టుకుని నడిచేది.

ఇక ఫ్రాన్సిస్ సంగతి. మోటారు వైండింగ్ షాపు అతనిది. సారు దగ్గర హార్మోనియం నేర్చుకున్నాడు, సారు పోయిన దగ్గర్నుంచి చర్చిలో పెట్టె అతనే వాయిస్తున్నాడు. ఇన్నేళ్ళు వాయించినా తనకు వాయించడం రాదని ఫ్రాన్సిస్‌కు గట్టి నమ్మకం. దేవుడి మీద అంత నమ్మకం ఉందో లేదో మనకు తెలియదు.

ఆ నమ్మకం నాటింది సారే. చిన్నప్పుడు ఒకరోజు విసుగొచ్చి, "నీ వేళ్ళకు చెవుల్లేవుర ఫ్రాన్సిసూ" అన్నాడు. అన్నాయన అప్పుడే మరిచిపోయి ఉంటాడు. పడ్డవాడు మరిచిపోతాడా? పెట్టె ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ మాటే ముందు వినపడేది, పాట తర్వాత.

దానితో ఏమైందంటే, ఇంకొకరు బాగా వాయిస్తే ఫ్రాన్సిస్ ఓర్చుకోలేకపోయేవాడు. పెళ్ళికి వెళ్తే బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు బాగా ఊదాడా, ఇక ఆ పెళ్ళిభోజనం అరిగేది కాదు. మంచివాడే, ఎవరికీ చెడు తలపెట్టినవాడు కాదు. కానీ సంగీతం దగ్గరికొచ్చేసరికి కడుపులో పొయ్యి రాజుకునేది.

అటువంటి మనిషి ముందుకు షారోన్ వచ్చింది. సారు మనవరాలు. డిగ్రీ చదువుతోంది. నిన్నమొన్న కీబోర్డు కొనుక్కుంది, ఫోనులో చూసి నేర్చుకుంది, ఏడాది తిరగకముందే చర్చిలో అందరూ తల ఊపేలా వాయిస్తోంది. "అచ్చం తాత చెయ్యే వచ్చింది పిల్లకు" అన్నారు పెద్దవాళ్ళు. ఫ్రాన్సిస్ చెయ్యి ఎవరిదని ఎప్పుడూ ఎవరూ అనలేదు.

డిసెంబర్ వచ్చింది. రాత్రిపూట ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే రోజులు. ఒక ఇంట్లో పాటలయ్యాక కేకూ చాయా ఇస్తుంటే, పాస్టరు అయ్యగారు మెల్లగా ఫ్రాన్సిస్ పక్కన చేరాడు.

"ఫ్రాన్సిస్ బ్రదరూ, ఈ పండుగ ఆరాధనకు షారోన్ వాయిస్తది. పిల్లలకు ఉషారుంటది. మీరు జర రెస్టు తీసుకోండ్రి."

రెస్టు... ఆ మాటతో చాయ చేదెక్కింది. "అట్లనే అయ్యగారూ" అన్నాడు ఫ్రాన్సిస్. ఇంకేమనగలడు? ఆరాధన చివర పాడే తొలిచుక్క పాట సారు స్వయంగా కట్టింది. ఆ పాట వాయించడమే ఫ్రాన్సిస్‌కు పండుగ. ఈసారి అది కూడా లేదన్నమాట.

చర్చి పెట్టెను స్కూటర్ వెనక తాడుతో కట్టుకుని బయల్దేరాడు. రోజూ చుట్టు తిరిగి వెళ్ళేవాడు, ఆ రాత్రి మాత్రం కోపంలో బండిని సారు సందులోకే తిప్పాడు. దెయ్యమొస్తే రానీ, ఇంతకన్నా ఏం చేస్తుంది?

సందులో లైటు లేదు... మంచు పొగలాగా దిగుతోంది. సారు ఇంటి ముందుకు వచ్చేసరికి బండి టక్కున ఆగిపోయింది. కిక్ కొట్టాడు — ఉలుకూ పలుకూ లేదు. ఇంకోసారి కొట్టబోయి కాలు గాల్లోనే ఆపేశాడు.

లోపల... హార్మోనియం.

ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. యేసయ్యా, యేసయ్యా అని గొణుక్కుంటూనే చెవి అటే పెట్టాడు. వస్తున్నది తొలిచుక్క పాటే.

మొదటి లైను వచ్చింది, రెండోది వచ్చింది... మూడో లైనులో ఒక స్వరం పైకెక్కాలి. సారు నేర్పినప్పుడు తిన్నగా ఎక్కమన్నాడు. ఇక్కడ అలా ఎక్కలేదు. ఒక అడుగు కిందికి దిగింది, చిన్నగా ఒక చుట్టు తిరిగింది, వెనక నుంచి వచ్చి పైన నిలబడింది. అలిగి వెళ్ళిపోయిన మనిషి పెరటి తలుపు నుంచి ఇంట్లోకి వచ్చినట్టుంది.

ఫ్రాన్సిస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే కడుపు మండింది.

ఎంత మలుపది! ఇది నాకు నేర్పలేదే! అన్నేళ్ళు కాళ్ళ దగ్గర కూర్చుంటే తిన్నగా ఎక్కమని చెప్పి, అసలుది తన దగ్గరే దాచుకున్నాడా ముసలాయన? చచ్చిపోయాక ఒంటరిగా కూర్చుని వాయించుకుంటున్నాడా? మనుషుల మీద ఈర్ష్య పడ్డవాళ్ళను చూశాం గానీ, దెయ్యం మీద ఈర్ష్య పడ్డవాడు ఓరుగల్లు మొత్తం మీద ఫ్రాన్సిస్ ఒక్కడే అయి ఉంటాడు.

పాట ఆగింది. మళ్ళీ మూడో లైను మొదలైంది... ఈసారి తడబడింది. మలుపు దగ్గర జారింది. కాసేపు నిశ్శబ్దం... మళ్ళీ మొదటిలాగే చక్కగా వచ్చింది. వెంటనే మళ్ళీ తడబాటు.

ఫ్రాన్సిస్‌కు అర్థమైంది. లోపల ఇద్దరున్నారు. ఒకరు వాయించి చూపిస్తున్నారు — ఇంకొకరు నేర్చుకుంటున్నారు.

చచ్చిపోయాక కూడా సారు పాఠం చెబుతున్నాడు. తనకు చెప్పని పాఠం... ఇంకెవరికో.

బండి తోసుకుంటూ ఇల్లు చేరాడు. భార్య దీనమ్మ అన్నం పెడతానన్నా వినకుండా పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. ఆ మలుపు ఇప్పుడే పట్టుకోవాలి. మూడో లైను వాయించాడు. ఎప్పుడూ వచ్చే కుంటి నడకే వచ్చింది. మళ్ళీ వాయించాడు, మళ్ళీ అదే.

"ఏందయ్యా గింత రాత్రి?" అంది దీనమ్మ.

"ఒక మలుపున్నది దీనా. కిందికి దిగి, చుట్టు తిరిగి పైకొస్తది. నాకస్తలేదు."

"గదే కదా నువ్వు రోజు వాయించేది."

"నీకేం తెల్సు పాట సంగతి? పోయి పండుకో!" అని కసిరాడు. పాపం, ఆమె దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

మరుసటి రాత్రి మళ్ళీ వెళ్ళాడు. గోడ పక్కన నక్కి విన్నాడు. అదే పాట, అదే పాఠం. ఆ నేర్చుకునేవాడెవడో కాస్త కాస్త పట్టుకుంటున్నాడు. ఫ్రాన్సిస్‌కు ఆ రాత్రి నిద్ర లేదు. దెయ్యం భయంతో అనుకునేరు, ఏడుపుతో.

ఆ పైరాత్రి ఇక ఆగలేకపోయాడు. మంకీ క్యాపు ముక్కు దాకా లాక్కుని, నల్ల శాలువా కప్పుకుని గేటు నెట్టాడు. తుప్పు గేటు కిర్రుమంది... లోపల పాట ఆగలేదు. వరండా దాటాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది.

నేల మీద ఎక్కడినుంచో చిన్న వెలుగు. ఆ వెలుగులో, అటు తిరిగి, నెత్తి నిండా తెల్లటి బట్ట కప్పుకుని... ఒక ఆకారం. దాని ముందు సారు పెట్టె.

గడపలోనే నిలబడ్డాడు. అడగాల్సింది అడగకుండా పోదలుచుకోలేదు.

"సారూ..." అన్నాడు గుసగుసగా. "నాకెందుకు జెప్పలే సారూ?"

ఆకారం బిగుసుకుపోయింది. రెండు చేతులూ పెట్టె మీద నుంచి గాల్లోకి లేచాయి.

పాట మాత్రం ఆగలేదు.

స్వరాల మెట్ల మీద చెయ్యి లేదు, తిత్తి కదలడం లేదు... మూడో లైను వస్తూనే ఉంది. దిగింది, తిరిగింది, పైకొచ్చి నిలబడింది. ఫ్రాన్సిస్ గోడకు ఒరిగిపోయాడు. ఆకారం మెల్లగా ఇటు తిరిగి, నల్ల శాలువాలో ముక్కు మాత్రమే కనిపిస్తున్న అతన్ని చూసింది —

"అమ్మో!" అని అరిచింది. ఆడపిల్ల గొంతు.

"ఎవలూ?" అని ఫ్రాన్సిస్ అంతకన్నా గట్టిగా అరిచాడు.

"అంకుల్! మీరా? నా పాణం పొయ్యింది!"

షారోన్. నెత్తిన ఉన్నది చలికి కప్పుకున్న దుప్పటి. గుండె చేత్తో పట్టుకుని రొప్పుతోంది.

"నువ్వేం జేస్తానవు ఈడ? భయం లేదా?"

"మా తాత ఇల్లే కదంకుల్. తాత దెయ్యమైనా నన్నేం జేస్తడు? ఇంట్ల ప్రాక్టీస్ చేస్తే పక్కింటోళ్ళు లొల్లి పెడ్తాండ్రు. గందుకే ఈడికొస్తాన."

"మరి... గా వాయించేదెవరు?" ఫ్రాన్సిస్ పెట్టె వైపు వేలు చూపించాడు.

షారోన్ పెట్టె మీద నుంచి ఫోను తీసి చూపించింది. "గిదా? గిది మీరే అంకుల్."

"నేనేంది?"

"పోయిన పండుగ పొద్దున చర్చిల ఎవ్వరు రాకముందు మీరొక్కరే కూసోని వాయిస్తాండ్రు. నేను ఎనక బెంచి మీదికెంచి రికార్డు చేసిన. జెప్తే ఒద్దంటరని జెప్పలే."

ఫ్రాన్సిస్ ఫోను తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. నమ్మబుద్ధి కాలేదు. పాట మొత్తం విన్నాడు. చివర స్వరం ఆగిపోయాక ఒక దగ్గు వినిపించింది. చలికాలం పొద్దున లేస్తే తనకు వచ్చే దగ్గు. దీనమ్మ రోజూ తిట్టే దగ్గు.

ఇన్ని రాత్రులూ తన మీద తానే కుళ్ళుకుని చచ్చాడు. నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. మంకీ క్యాపు తీసి దానితోనే ముఖం తుడుచుకున్నాడు.

"మూడో లైను నాకస్తలేదంకుల్" అంది షారోన్. "తాత కట్టినట్టు స్ట్రెయిట్‌గా వాయిస్తే చర్చిల ముసలోళ్ళు తప్పు తప్పు అంటాండ్రు. అందరు మీ మలుపు తోటే పాడుతరు. ఎట్ల తిరుగుతరు ఆడ?"

ఫ్రాన్సిస్ తల దించుకున్నాడు. ఇన్నేళ్ళ గుట్టు, దీనమ్మకు కూడా చెప్పలేదు.

"అది మలుపు కాదు బిడ్డా... చర్చి పెట్టెల ఆ ఒక్క మెట్టు పలుకది. సారు పోయిన ఏడాది, పాటలకు తిరుగుతుంటె వాన పడ్డది, లోపల పలికే రీడు ఖరాబయ్యింది. హైదరాబాద్ పంపియ్యాలె. పంపిస్తే పండుగకు పెట్టె ఉండదు. పండుగైనంక యాదికుండదు. అందుకని ఆ మెట్టు దగ్గర చుట్టు తిరిగి, పైనున్న మెట్టు పట్టుకుంటాన. ఎవరికన్న దొరికిపోతనేమో అని ప్రతిసారి భయమే."

షారోన్ పెట్టె ముందు నుంచి పక్కకు జరిగింది. తర్వాత, "అయ్యగారికి పొద్దున్నే జెప్పిన అంకుల్" అంది. "తొలిచుక్క పాట మీరే వాయించాలె. నేను పక్కన కూసుంట."

ఫ్రాన్సిస్ సారు పెట్టె ముందు కూర్చున్నాడు. ఇందులో అన్ని మెట్లూ పలుకుతాయి. మూడో లైను వచ్చింది... ఆ మెట్టు నొక్కితే చాలు, సారు చెప్పినట్టు తిన్నగా ఎక్కవచ్చు. వేళ్ళు మాత్రం వాటంతటవే కిందికి దిగి చుట్టు తిరిగాయి. ఫ్రాన్సిస్ ఆపలేదు.

"నడిమి వేలు చూడు" అన్నాడు. "కింద నుంచి రావాలె. తొందర పడొద్దు."

నాలుగైదుసార్లకు పిల్ల పట్టేసింది. ఎందుకోగానీ, ఫ్రాన్సిస్‌కు కడుపు మండలేదు.

బయటికొచ్చి షారోన్ తాళం వేసింది, రెండుసార్లు లాగి చూసింది. ఫోను జేబులో పెట్టుకుని స్కూటర్ వెనక ఎక్కింది. ఫ్రాన్సిస్ కిక్ మీద కాలు పెట్టాడు.

లోపల... హార్మోనియం మోగింది.

తొలిచుక్క పాట, మూడో లైను. తిన్నగా ఎక్కింది. సారు ఎప్పుడూ వాయించినట్టే.

షారోన్ చేతులు అతని స్వెట్టర్‌ను గట్టిగా పట్టుకున్నాయి. "అంకుల్... ఫోను నా జేబులనే ఉన్నది."

"మాట్లాడకు" అన్నాడు ఫ్రాన్సిస్.

పాట ఆగింది... మళ్ళీ మూడో లైను. ఈసారి తిన్నగా ఎక్కలేదు. ఒక అడుగు కిందికి దిగింది, చుట్టు తిరగబోయింది — జారింది. మళ్ళీ మొదటినుంచి... మళ్ళీ అక్కడే జారింది. అప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళ చెయ్యిలాగా ఉంది.

ఫ్రాన్సిస్ వెనక్కి తిరిగి చూడలేదు. కిక్ మీద కాలు అలాగే ఉంచి, తాళం వేసిన ఇంటి వైపు మెల్లగా అన్నాడు.

"నడిమి వేలు సారూ... కింద నుంచి రానియ్యుండ్రి."

లోపల ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత మూడో లైను మళ్ళీ మొదలైంది. ఈసారి జారలేదు.