రెండు వందలవ వారం

"ఈ షాపు నుంచి మాకు దొంగ లెక్కలు వస్తున్నాయి. ఎవరి పనో తేలేదాకా నేనిక్కణ్ణించి కదలను."

ఆర్నెటా చేతిలోని పాటల రికార్డు జారి కౌంటరు మీద పడింది. ఆమెను భయపెట్టింది ఆ మాట కాదు, ఆ గొంతు.

నాలుగేళ్లుగా ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి న్యూయార్క్ నుంచి ఫోన్లో వినిపించే గొంతు అది. "నలభై ఒకటో నంబరు షాపేనా? ఈ వారం ఎన్ని?" అని అడిగే గొంతు. ఏ రికార్డు ఎన్ని అమ్ముడైందో షాపుల్ని అడిగి వారం వారం వరస జాబితా వేసే చార్టు ఆఫీసువాళ్లు షాపులవాళ్లకు పేరు చెప్పకూడదు, వాళ్ల పేరు అడగకూడదు. ఎవరూ ఎవరినీ మచ్చిక చేసుకోకుండా పెట్టిన రూలది. అందుకే ఆమెకు అతను చార్టు సారు. అతనికి ఆమె నలభై ఒకటి.

ఇప్పుడు ఆ గొంతుకు ఒక ముఖం వచ్చింది. వానలో తడిసిన కోటు, చేతిలో టోపీ, కొంచెం వంకరగా ఉన్న ముక్కు. ఆమె ఊహించుకున్నంత పొడుగు లేడు.

"ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఇంత దూరం తడుస్తూ రావాలా సారూ?"

"మీరేనా నలభై ఒకటి?" అతను ఆమెను చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "ఫోన్లో తేలే సంగతి కాదిది. తలుపు మీద బోర్డు తిప్పండి. ఎవరూ రాకూడదు."

"ఈ వానలో ఎవరొస్తారు? పక్క సెలూన్లో మంగలి కూడా తన జుట్టు తనే కత్తిరించుకుంటున్నాడు."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీశాడు.

"వర్లీన్ ఓట్స్ పాటల ఆల్బమ్, 'ఆదివారం దాకా ఆగు.' రేపటి చార్టులో నిలబడితే రెండు వందల వారాలు. ఈలోగా మీ షాపు లెక్క తప్పని ఎవరో ఆఫీసుకు చెప్పారు. రికార్డు కంపెనీ ఈ ఏడాది మీకు పంపింది తొంభై కాపీలు. మీ షాపు అమ్మినట్టు మా లెక్కల్లో ఉన్నది దాదాపు మూడు వందలు."

పైన ఉన్న కాగితం ఆమె వైపు తిప్పాడు. నాలుగు లైన్ల టైపు, కింద ఒక ఖాళీ గీత. తప్పు చేసిన వ్యక్తి పేరు అక్కడ రాయాలి. అక్కడ ఈ షాపు మనిషి పేరు పడితే షాపును చార్టు ఆఫీసు ఫోన్ చేసే జాబితాలోంచి కొట్టేస్తారు. యజమాని పర్విస్ గారు ఆమెను ఆ సాయంత్రమే పంపించేస్తారు.

తను చేసిన తప్పు ఆర్నెటాకు తెలుసు.

వారంలో ఆరు రోజులు ఆమెను జనం అడిగేవి రెండే ప్రశ్నలు: ఇదెంత, అదెక్కడ. షాపు కట్టేశాక లాండ్రీ మీది ఒంటి గదికి వెళ్లి, కింద మరలు తిరిగే చప్పుడు వింటూ ఒక్కతే తినేది. ఒక్క మంగళవారం మాత్రం ఒక మనిషి, అంకె రాసుకున్న తరవాత కూడా ఫోన్ పెట్టేసేవాడు కాదు. "ఎవరు కొన్నారు?" అని అడిగేవాడు. ఆఫీసుకు అక్కర్లేని ప్రశ్న అది.

"బస్సు డ్రైవరు సారూ. పాతది అరిగిపోయిందట."

"మళ్లీనా? మూడోసారి కదూ?"

"నాలుగోసారి. పెళ్లాన్ని మార్చాడు గానీ ఈ రికార్డును మార్చలేదు."

అవతల నవ్వు. ఆ నవ్వుతో ఆమెకు బుధ, గురువారాలు గడిచిపోయేవి.

కానీ ఎవరూ కొనని వారాలూ ఉండేవి. సున్నా అని చెబితే ఇంక అడగడానికేముంటుంది?

"నేనే," అంది ఆర్నెటా. "ఎవరూ రాని వారం నేనే ఒకటి కొనేదాన్ని. కొన్నది ముసలావిడనీ, కొత్త పెళ్లికొడుకనీ మీకు కథలు చెప్పేదాన్ని. నా మంచం కింద ముప్పై ఒకటి ఉన్నాయి. కవరు కూడా విప్పలేదు."

"వినకుండా కొన్నారా?"

"నా రికార్డు ప్లేయరు పాడై రెండేళ్లయింది."

"రసీదు రాశారా?"

"ప్రతిసారీ."

"అయితే అది అమ్మకమే. మీ జీతంతో మీరు కొనుక్కోవడం నేరం కాదు."

"మరి నేరమెక్కడుంది?"

ఆర్నెటా రసీదు పుస్తకం తీసి, అతని కాగితాల పక్కన పరిచింది. నవంబరు మొదటి వారం, ఆమె పుస్తకంలో ఒకటి. అతని కాగితంలో ఐదు. రెండో వారం ఆమెది రెండు, అతనిది ఆరు. మూడో వారం మళ్లీ ఒకటి, ఐదు. ఆమె చేతి వేలు కిందికి జరుగుతూ పోయింది. ప్రతి వారం సరిగ్గా నాలుగు ఎక్కువ.

"ఈ కాగితాల్లో అంకెలు ఎవరు రాస్తారు సారూ?"

"ఫోన్ చేసినవాళ్లు."

గోడ గడియారం మూడు కొట్టింది. ఆ రోజూ మంగళవారమే. అలవాటు కొద్దీ ఇద్దరూ ఒకేసారి ఫోన్ వైపు చూశారు. అది మోగలేదు.

"ఈ ఆల్బమ్ కోసం చిన్న షాపులకు ఫోన్ చేస్తాం," అన్నాడతను మెల్లగా. "వారానికి ఐదైనా అమ్మకపోతే ఆ షాపుకు ఫోన్ ఆపేయాలి. ఒకరోజు మీరు ఒకటే అన్నారు. దాని వెనకే ఆ బస్సు డ్రైవరు కథ చెప్పారు. నేను ఐదు రాశాను. అప్పట్నించీ ప్రతి వారం నాలుగు కలుపుతూనే ఉన్నాను. నాకూ న్యూయార్క్‌లో గది ఉంది. మీరు ఫోన్లో చెప్పే ఆ లాండ్రీ లాంటిది కూడా కింద లేదు, అంత నిశ్శబ్దం."

"అంటే నేను సున్నా అని ఉంటే..."

"నాలుగే అయ్యేది. లైను కట్."

తన ఒకటి, అతని నాలుగు. ఆర్నెటాకు నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"మరి ఆల్బమ్? మనమే నిలబెట్టామా దాన్ని?"

"అంత లేదు. రైల్లో కూర్చుని మన అంకెలన్నీ తీసేసి చూశాను. అయినా చార్టులోనే ఉంది, నూట అరవై మూడో స్థానంలో. రేపు రెండు వందల వారాలు నిండుతాయి. దేశమంతా బస్సు డ్రైవర్లు ఉన్నారు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఎందుకో కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

"ఈ కాగితం పంపితే మీ ఉద్యోగం?"

"పోతుంది. వారానికి ఐదు లేవు గనక ఈ షాపుకు ఫోనూ ఉండదు." టోపీ అంచు నలుపుతూ అన్నాడు, "నన్ను విచారణకు పంపారు. ఫోన్లోనే తేల్చేయొచ్చు. ఒక్కసారి మిమ్మల్ని చూసి ఒప్పుకుందామని వచ్చాను. వచ్చే మంగళవారం మూడింటికి నాకేం పని ఉండదు. ప్లేయర్లు బాగుచేయడం వచ్చు."

ఆర్నెటా కలం మూత తీసింది. ఖాళీ గీత మీద దాన్ని ఆనించి తలెత్తింది.

"దొంగ పేరు చెప్పండి. నేను రాస్తాను."

"రూలు ఒప్పుకోదు, నలభై ఒకటీ."

"ఆర్నెటా. ఆర్నెటా ప్రూయిట్. రూలు నేనూ తప్పాను. ఇప్పుడు చెప్పండి."

అతను టోపీ కౌంటరు మీద పెట్టేశాడు.

"ఎంబ్రీ. క్లెమెంట్ ఎంబ్రీ."

ఆమె వెంటనే రాయలేదు. నాలుగేళ్లు లేని ఆ పేరును ముందు పైకి అంది, నెమ్మదిగా, ఖాళీ షాపంతా వినబడేలా.

"క్లెమెంట్ ఎంబ్రీ."