చూస్తే పండుకుంటది

"సార్, గా నడిచేది అసలుకు సిస్టం ప్రాసెస్ కాదు, దొంగ! టాస్క్ మేనేజర్ తెరిచి జూస్తే పండుకుంటది. మూస్తే లేస్తది. జల్ది రాండ్రి..."

ఫోన్‌లో లింగమూర్తి గొంతు అక్కడితో ఆగింది. తర్వాత కుర్చీ పడ్డ చప్పుడు, ఊపిరందని గురక.

ఏజెంట్ పరశురాములు కరీంనగర్ బస్టాండు వెనక సందులో ఉన్న ఆ కంప్యూటర్ రిపేర్ షాపులోకి దూకేసరికి లింగమూర్తి ప్రాణం పోయింది. మెడకు నెట్‌వర్క్ కేబుల్ బిగించి ఉంది. హంతకుడు ఇంకా అక్కడే హార్డ్‌డిస్క్ పీకుతున్నాడు. కత్తి లేచింది. పరశురాములు పక్కకు తప్పుకుని, వాడి జుట్టు పట్టి మొహాన్ని మానిటర్‌కేసి బాదాడు. గాజు పగిలింది, ముక్కూ పగిలింది. రెండోసారి బాదేలోపు వాడు నోట్లో దాచుకున్న గుళిక కొరికి, నురగ కక్కుతూ కూలిపోయాడు.

పరశురాములుకు ఒళ్ళు మండిపోయింది. లింగమూర్తి తనకు ఏళ్ళ తరబడి నమ్మకంగా సమాచారం అందించిన మనిషి.

చీఫ్ బ్రీఫింగ్ కారులోనే అందింది.

"లింగమూర్తి పట్టుకున్నది విదేశీ ముఠా పని. టార్గెట్ మందమర్రిలో ఓ బొగ్గుగని. లోపలికి గాలి పంపే ఫ్యాన్ సామ్యూల్ అనే ఉద్యోగి చేతిలో ఉంటుంది. ఇంటి కంప్యూటర్ నుంచి కూడా దాన్ని నడపగలడు. ఆ కంప్యూటర్లోనే ఓ ప్రాసెస్ దాచారు. ఇవాళ అది ఫ్యాన్ ఆపుతుంది. గ్యాస్ నిండుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు."

"వైరు పీకేస్తే?"

"లైన్ తెగిన మరుక్షణం ఫ్యాన్ ఆగేలా కట్టారు. మనుషుల్ని పైకి రప్పిస్తే వాళ్ళకు తెలిసిపోయి ముందే ఆపేస్తారు. మెకానిక్ వేషంలో వెళ్ళు. మన ఏజెంట్ నవీన అక్కడ కలుస్తుంది."

మందమర్రిలో నవీన నల్ల కళ్ళద్దాలతో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో, భుజాన టూల్ బ్యాగుతో నిలబడి ఉంది. ఆ అందం చూస్తే ఏ కంప్యూటరైనా హ్యాంగ్ కావలసిందే.

"గాలాడుతలేదు" అన్నాడు పరశురాములు.

"ఫ్యాన్ ఎయ్యాలె" అంది నవీన. కోడ్ సరిపోయింది.

సామ్యూల్ క్వార్టర్లో తలుపు తీసింది అతని భార్య సంతోషమ్మ. ముందు గదిలో అల్లికగుడ్డ కప్పుకుని కంప్యూటర్ రొద పెడుతోంది. ఆ గని కార్మికుల కాలనీలో కరెంటు బిల్లు రాదు, కాబట్టి కంప్యూటర్ ఆపే అలవాటూ లేదు. ముఠాకు కావలసింది అదే.

"పొద్దుగాల్ల కెల్లి గిట్లనే మొత్తుకుంటుంది బిడ్డా. చర్చి పాటలు టైప్ జేస్తుంటే, చరణం కొట్టేదాంక పల్లవి కనవడది" అంది సంతోషమ్మ.

"సామ్యూల్ సార్ లేడా?" అన్నాడు పరశురాములు.

"షిఫ్టుకు దిగిండు. గనిలనే ఉన్నడు."

నవీన కుర్చీలో కూర్చుని, లోపల ఏమేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచింది. అంత రొదా ఒక్కసారిగా ఆగిపోయింది.

"అంతా నార్మల్. జర బొగ్గుదుమ్ము వట్టింది, గంతే" అంటూ మూసేసి, ఏవో కీలు టకటకా నొక్కి లేచింది. వెంటనే రొద మళ్ళీ మొదలైంది.

పరశురాములు చెవిలో లింగమూర్తి మాట మోగింది. ఇంత స్పష్టంగా కళ్ళముందు జరిగినదాన్ని దుమ్మంటుందా? అనుమానంగా స్క్రీన్ మీదికి వంగాడు. నల్లటి విండోలో అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. ఆ నలుపులోనే, తన వీపు వెనక లేచిన చెయ్యి కనబడింది.

గిరుక్కున తిరిగాడు. వీపులో దిగవలసిన కత్తి, బల్ల మీద ఆనించిన అతని కుడి అరచేతిని చీల్చుకుని చెక్కబల్లలో దిగబడింది.

"లింగమూర్తి గూడ గిట్లనే మస్తు తెలివి జూపెట్టిండు" అంది నవీన.

వెనక తలుపు తన్నుకుని ఓ బండవాడు మీదికొచ్చాడు. పరశురాములు జేబులోని షాక్ పెన్ను ఎడమచేత్తో లాగి, వాడి గొంతులో పొడిచి బటన్ నొక్కాడు. కరెంటుకు వాడు గిలగిలా కొట్టుకుని గోడకు గుద్దుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

నవీన పిస్టల్ తీసింది. ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుండగా ఆమె మణికట్టు పటుక్కుమంది. వెనక సంతోషమ్మ, పొయ్యిలోకి బొగ్గు పగలగొట్టే సుత్తితో!

"ప్రభువా, క్షమించు!" అంటూనే రెండో దెబ్బ నెత్తి మీద వేసింది. నవీన నేలకూలింది. గచ్చు మీద నెత్తురు పారింది.

స్క్రీన్ మీద మూడు... రెండు...

పరశురాములు కుడిచెయ్యి ఇంకా కత్తితో బల్లకు గుచ్చుకునే ఉంది. మౌస్ అందదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్. మూడు కీలూ ఎడమ పక్కనే! ఎడమచేతి వేళ్ళన్నీ చాచి ఒకేసారి గుద్దాడు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది.

రొద ఆగింది. అంకె 'ఒకటి' దగ్గర బిగుసుకుపోయింది. గనిలో గాలి ఆడుతూనే ఉంది. పరశురాములుకు ఏడుపొచ్చినంత పనైంది.

"మనవాళ్ళు దాన్ని పూర్తిగా పీకేదాకా ఆ విండో మూయొద్దు" అన్నాడు ఫోన్‌లో చీఫ్.

సంతోషమ్మ అతని అరచేతిలోని కత్తి పీకేసి, కుర్చీ లాక్కుని, సుత్తి ఒళ్ళో పెట్టుకుని స్క్రీన్ ముందు కూర్చుంది. "నువ్వు దవఖానకు పో బిడ్డా. నేను జూస్త."

"విండో తెరిచుంటే చాలమ్మా, చూడనవసరం లేదు."

"గా పిల్లను గూడ నమ్మితిమి గదా!" అంది ఆమె.

షిఫ్టు దిగి, ఒళ్ళంతా మసితో ఇంటికొచ్చిన సామ్యూల్ గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. గచ్చు మీద ఇద్దరు పడి ఉన్నారు, బల్లంతా నెత్తురు. భార్య మాత్రం కంప్యూటర్ మీంచి కన్ను తిప్పలేదు.

"ఇయ్యాల చాయ్ నువ్వే వెట్టుకో. నేను గిటు జూసిన్నంటే, నీ తర్వాత దిగినోళ్ళు ఆగమైతరు."