గంజి పెట్టిన కోటు

"లాండ్రీవాళ్ల కోడలు శనివారం వస్తే చాలు, పిల్లని వాగులో పొర్లించి తెస్తుంది. అదే వైద్యమట, చోద్యం కాకపోతే!" అని ఎదురింటావిడ పాలాయనతో అందట. ఆ మాట పాలతోపాటే ఇంట్లోకి వచ్చింది. అత్తగారు పాలు కాగేదాకా ఓపిక పట్టి, ఆ మాటని కోడలి నెత్తిన పోసింది.

"అందరి మురికీ వదలగొట్టే ఇల్లు మనది. మన పిల్లకి బురదా?"

కోడలు వినే స్థితిలో లేదు. కూతురు గువ్వ చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటోంది. ఏడేళ్ల పిల్ల. ఆటిజం. మాటల్లేవు. కాళ్ల దగ్గర ఆకుపచ్చ కోటు, గంజి పెట్టి ఇస్త్రీ చేసి, అట్టముక్కలా బిగుసుకుని ఉంది. వాగుకి వెళ్లే రోజు కోటు అది. నాలుగు నెలల బురద వాసన ఉంటేనే అందులో చేతులు దూరుస్తుంది. నిన్న సాయంత్రం తండ్రి ప్రేమకొద్దీ షాపుకి తీసుకెళ్లి, ఉడకబెట్టి, మూడుసార్లు జాడించాడు.

"కొత్తదానిలా చేశానే," అన్నాడతను బిక్కమొహం వేసి.

"చేశారు. మురికి కనబడితే మీ చెయ్యి ఆగదుగా."

"నాకేం తెలుసు?"

"ఒక్క శనివారం వచ్చుంటే తెలిసేది. ఇవాళ ఇంటిల్లిపాదీ రాకపోతే మన చోటు ఇంకో పిల్లకిస్తానంది, వాగులో ఇలాంటి పిల్లల్ని ఆడించే టీచరమ్మ. ఇది నా చెయ్యి పట్టుకునేది అక్కడొక్కచోటే. ఆ చోటు నేను వదలను. షాపుకి తాళం వెయ్యండి."

"వాడు షాపు మూసి బురద తొక్కుతాడా?" అంది అత్తగారు.

"మీరూ రావాలి అత్తయ్యా."

పిల్లని కోటు తొడగకుండానే వ్యానెక్కించారు, కోటు తండ్రి చేత్తో పట్టుకున్నాడు. దారంతా ఒకటే అరుపు. వాగు దగ్గర పిల్ల దిగనని మొండికేసింది. టీచరమ్మ బతిమాలలేదు, ఎవరినీ బతిమాలనివ్వలేదు. పిల్ల ఏం చేస్తే పెద్దలు పక్కన అదే చెయ్యాలి, అంతే అక్కడి పద్ధతి.

తండ్రి కాసేపు చూశాడు. ఉన్నట్టుండి కోటు చంకన పెట్టుకుని, ఇస్త్రీ ప్యాంటుతోనే వాగులోకి దిగాడు. బురదలో కుక్కి కాళ్లతో తొక్కాడు. మంచి గంజి మరి, బురద ఓ పట్టాన అంటలేదు. ఇరవై ఏళ్లు మరకలు తీసిన చేతులు ఒక్క మరక వెయ్యడానికి ఆపసోపాలు పడ్డాయి.

గువ్వ దిగొచ్చింది. కోటు వాసన చూసి విసిరికొట్టింది.

"చాల్లేదు. ఇంకా," అంది తల్లి.

అతను మళ్లీ తొక్కాడు. కళ్లు తుడుచుకుంటే మొహమంతా బురదైంది. ఈసారి పిల్ల పక్కకొచ్చి తనూ తొక్కింది. తూలినప్పుడు అతని వేలు పట్టుకుంది. వదల్లేదు. అతను ఆ వేలు కదపకుండా తొక్కుతూనే ఉన్నాడు.

గట్టు మీద నిలబడ్డ అత్తగారు అడిగింది. "ఇట్లా ఎన్నాళ్లే? అసలిది ఎప్పటికి మామూలు పిల్లవుతుంది?"

టీచరమ్మ నోరు తెరిచేలోపే కోడలు అందుకుంది.

"అవదు. చెప్పులు విప్పి దిగండి."