ఎదుటి కుర్చీ

"నేను లోపలికొచ్చి నాలుగు నిమిషాలైంది. మీరింకా తలెత్తలేదు."

కళ్లజోళ్ల షాపులో లెన్సు అంచు అరగదీస్తున్న అమ్మాయి అప్పుడు తలెత్తింది. పక్క రెస్టారెంటులో వెయిటర్లను అజమాయిషీ చేసే కెప్టెన్, విరిగిన ఫ్రేము పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పనిలో ఉన్నానండీ. కనిపించడం లేదా?"

"మీరు కనిపిస్తూనే ఉన్నారు. నేనే మీకు కనిపించడం లేదు."

అలా తగవుతో మొదలైంది. నాన్న అప్పగించిన షాపు తన చేతుల్లో మూతపడుతుందేమోనని అప్పటికే ఆమెకు ఒకటే గుబులు. అతను వచ్చినప్పుడల్లా ఒక కిటుకు చెప్పిపోయేవాడు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని ముందు కళ్లతో పలకరించాలట. ఏం కావాలని అడిగేలోపే కూర్చోబెట్టాలట. ఒకసారి చెప్పిన ఇష్టాన్ని రెండోసారి చెప్పించుకోకూడదట. తమ రెస్టారెంటులోనైతే గెస్టు ఎంత బతిమాలినా వాళ్ల టేబుల్ దగ్గర మాత్రం కూర్చోకూడదట. ఆమె వెక్కిరిస్తూనే షాపుకు పనికొచ్చేవన్నీ పాటించింది. మూడు నెలల్లో షాపులో కుర్చీలు చాలలేదు.

ఇక రోజూ మధ్యాహ్నం ఆమె అతని రెస్టారెంటుకు భోజనానికి వెళ్లేసరికి కిటికీ పక్క టేబుల్, గోరువెచ్చని నీళ్లు సిద్ధం. ఆ సంబరానికి ముద్ద దిగేది కాదు.

ఒకరోజు షాపుకొచ్చిన ఒక పెద్దాయనను కంటి ఆపరేషన్ గురించి అడిగితే, "కూతురైనా ఇంత శ్రద్ధగా అడగదమ్మా," అని ఆయన మురిసిపోయాడు. ఆమె నవ్వింది గానీ మనసు చివుక్కుమంది. ఆ ఆపరేషన్ సంగతి ఆమె ఆయన కస్టమర్ కార్డులో రాసుకున్నది. మరి ఆ గోరువెచ్చని నీళ్లు? అవీ ఇలాంటివేనా?

బయట వాన. సగం తడిసి రెస్టారెంటుకు వెళ్లింది. అతను కుర్చీ లాగి, తువ్వాలు అందించాడు.

"ఇవన్నీ అందరికీ చేస్తారా?"

"చేస్తానండీ. అది నా పని."

"అయితే నేనూ ఒక టేబుల్ నంబర్నేనన్నమాట."

అతను గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ఎందుకడిగానా అని ఆమె నాలుక కరుచుకుంది. రేపటి నుంచి ఈ గుమ్మం ఎలా తొక్కడం? కిటికీ మీద చినుకులు కూడా తనని చూసి నవ్వుతున్నట్టే ఉంది.

అతను కౌంటర్ దగ్గర నల్లకోటు విప్పి తగిలించాడు. మేనేజరుతో అరగంట సెలవన్నాడు. తిన్నగా వచ్చి ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెయిటర్లందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఇది మాత్రం ఎవరికీ చెయ్యలేదు," అన్నాడు.

నాలుగు ప్లేట్లు ఒక్క చేత్తో మోసే మనిషికి ఇప్పుడు రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నుదుటి మీద చెమట.

ఆమె తన నీళ్ల గ్లాసును అతని ముందుకు జరిపింది, అడిగించుకోకుండానే.