మెడ మీద పచ్చ గీత

చెంచయ్య శవం గొర్రెల మంద పక్కన, గొంగళి మీద ఉంది. దొనకొండ మండలంలో ఎవరిదో కోసేసిన కంది చేను. పొద్దున అటుగా పోయినవాళ్లు చూసి స్టేషన్‌కి ఫోన్ చేశారు. తొడ మీద సూది గుర్తు. పక్కనే గడ్డిలో ఖాళీ మందు సీసా.

ఎస్సై మధుసూదన్ సీసా ఫొటో తీసి డాక్టరుకు పంపాడు. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఇది గొర్రెల ఇంజెక్షన్. మనిషికి పడితే గుండె ఆగిపోతుంది."

ఇంకేం, హత్య! కానిస్టేబుల్ జాకబ్ అప్పుడే నిందితుణ్ణి కూడా పట్టేశాడు. చెంచయ్య బామ్మర్ది నరేష్. సిరంజి అతని సంచిలోనే దొరికింది. నిన్న సాయంత్రం బావతో గొడవపడ్డాడు. రాత్రంతా మంద దగ్గర లేడు.

"ఎందుకు కొట్లాడినావు?"

"బావకి జరం సార్. ఆస్పత్రికి పోదాం పా అంటే మందనొదిలి రానన్నాడు. ఈ గొర్రెలన్నీ అర్ధవీడులో వేరేవోళ్లవి. మేపుకొస్తామని తోలుకొచ్చినాం."

"రాత్రి ఎక్కడికి పోయావు?"

"ఆటో కోసం. రోడ్డు ఎటుందో తెలీలా. తిరుగుతానే తెల్లారింది."

"ఎవరైనా చూశారా?"

"ఆ చీకట్లో ఎవురుంటారు సార్."

చెంచయ్య భార్య మాలకొండమ్మ మొగుడి కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. "నా తమ్ముడు అట్టాంటోడు కాదు సారూ" అని అదే మాట అంటోంది. ఆమెను ఇంకేమీ అడగలేదెవరూ. ఆడమనిషి ఏడుపును స్టేట్‌మెంట్‌గా ఎవరు రాసుకుంటారు?

జాకబ్ నరేష్‌ని జీపు వైపు లాగాడు. మధుసూదన్ మరోసారి శవం మీదికి వంగాడు. మెడ వెనక ఆకుపచ్చ రంగు.

"జాకబ్, ఇదేంటి?"

"గొర్రెల రంగు అంటింది సార్. సూది వేసిన గొర్రెకి మెడ మీద గీత పెడతారు. పొరపాటున దానికే మళ్లీ వేయకుండా."

అంటుకుంటే మరక అవుతుంది. ఇది తిన్నగా బొటనవేలితో లాగిన గీత.

మధుసూదన్ నరేష్ చేతులు తిప్పి చూశాడు. రంగు లేదు. మాలకొండమ్మ కుడి బొటనవేలి గోటి నిండా పచ్చ రంగు.

"వదిలెయ్ జాకబ్. చంపేవాడు గుర్తు పెట్టడు. బతకాలని మందు వేసినవాళ్లే పెడతారు."

అతను ఆమె ముందు కూర్చున్నాడు.

"సూది నువ్వేసినావా అమ్మా?"

"నేనే సారూ. ఒళ్లు కాలిపోతా ఉండె. జరమొచ్చిన గొర్రెకి దాంతోనే తగ్గుతాది. కంగారులో ఇంకోటి పొడుస్తానేమోనని గీత పెట్టినా. సూది మళ్లా తమ్ముడి సంచిలో పెట్టినా."

"అంబులెన్స్‌కి ఫోన్ చేయలేదా?"

"ముందు దానికే చేసినా. ఏ ఊరమ్మా అన్నారు. పొద్దుగూకినాక ఈ చేలోకొచ్చినాం. ఊరి పేరు ఆయనకే తెలుసు. లేపి అడిగినా, పలకలా. కంది చేను అన్నా. ఏ కంది చేను అన్నారు. ఏం చెప్పాల సారూ?"

జాకబ్ సీసాను కవర్లో వేస్తున్నాడు. ఆమె చూపు దాని మీద ఆగింది.

"ఆ మందేనా సారూ?"

మధుసూదన్ సీసాకు అడ్డంగా జరిగాడు. ఆమెకు అర్థమైంది. నరేష్ పరుగున వచ్చి అక్కను పట్టుకున్నాడు. ఆమె అతన్ని చూడనే లేదు.

"ఇది ఏ ఊరు సారూ?"

"నల్లబావి కొట్టాలు."

మాలకొండమ్మ భర్త చెవి దగ్గరికి వంగింది.

"నల్లబావి కొట్టాలంట. పేరు తెలిసింది. లెయ్యి, పోదాం."