పక్కసీటు ఖాళీగా ఉన్నప్పుడు

మలేషియాలోని తైపింగ్‌లో వాన పడని సాయంత్రం లేదు, హైకల్ తనంతట తాను బ్రేకు తొక్కిన సాయంత్రమూ లేదు. మొదటి పాఠంలోనే మలుపు దగ్గర కారు జర్రున జారబోయింది. శిష్యులంతా 'చెగూ' అని పిలిచే డ్రైవింగ్ టీచర్ నోర్లేలా తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు తొక్కబట్టి సరిపోయింది.

"ఎటు చూస్తున్నావ్?"

"మీరు భయపడ్డారేమోనని మీ వైపే, చెగూ!"

"రోడ్డు చూడు! ఆగమంటే ఆగవు, అందుకే నీవన్నీ ఆగడాలే!"

నెల తిరిగేసరికి మనిషి దారికొచ్చాడు. అతివేగాన్ని తగ్గించింది ఓ అతివే అని స్నేహితులు ఏడిపించారు కూడా. లైసెన్సు చేతికందిన రోజున, కారు అద్దానికి కొత్త డ్రైవర్ల 'పి' స్టిక్కర్ అంటించి, వానలో తడుస్తూనే అడిగేశాడు.

"చెగూ, నన్ను పెళ్లి చేసుకుంటారా?"

నోర్లేలా గుండె టాప్ గేర్‌లో పడింది. మొహాన్ని మాత్రం న్యూట్రల్‌లోనే ఉంచింది.

"నేను పక్కనుంటే అందరూ నలభైలోనే నడుపుతారు. స్టిక్కర్ పడగానే నా ముందు నుంచే రివ్వున పోతారు. లైసెన్సు వస్తుంది, సెన్సు రాదు! నాకు భయపడి నెమ్మదించేవాడు నాకొద్దు హైకల్. నేను లేనప్పుడు ఎలా నడుపుతావో తెలిశాకే జవాబు."

"అది మీకెలా తెలుస్తుంది?"

"అదే నాకూ తెలీదు," అంది.

ఆ తర్వాత దూసుకుపోయే ప్రతి కారులోనూ అతనే ఉన్నాడేమోనని ఆమె ప్రాణం గిలగిల్లాడేది.

ఓ మధ్యాహ్నం గొడుగు కింద చేపల బుట్టతో ఒకావిడ దిగబడింది.

"నోర్లేలా అంటే నువ్వేనా అమ్మాయ్? నేను హైకల్ తల్లిని. నా కొడుకుని ఏం చేశావ్?"

"అయ్యో, ఎక్కడైనా గుద్దాడా పిన్నీ?"

"గుద్దాలంటే ముందు కదలాలిగా! మార్కెట్ నుంచి ఇంటికొచ్చేసరికి చేపల మీది ఐసంతా నీళ్లే. నిన్న సైకిల్ మీద ఓ ముసలాయన మమ్మల్ని దాటేసి, జాలిపడి చెయ్యూపాడు!"

"పక్కన మీరున్నారని కాబోలు..."

"నేనుంటే తొందరపెట్టి చంపుతాగా! ఒక్కడే వెళ్లినా అంతే. వాకిట్లోంచి రోజూ చూస్తున్నా, వీధి చివరికి చేరేలోపు నా టీ చల్లారిపోతోంది. అడిగితే, 'ఎవరి పిల్లలు అడ్డొస్తారో అమ్మా' అంటాడు."

నోర్లేలాకి నవ్వాగలేదు. కళ్లెందుకు తడిశాయంటే నేరం వాన మీదికి నెట్టేసింది.

"మీవాణ్ణి నేను చేసుకుంటాను పిన్నీ. రేపు సాయంత్రం అందరూ మా ఇంటికి రండి, మా నాన్నతో మాట్లాడండి."

ఆవిడ నోరు తెరిచింది, నోర్లేలా బుగ్గలు పుణికింది, అంతలోనే బుట్ట చంకనెత్తుకుంది.

"రేపు సాయంత్రమా! కారు నడిపేది వాడే కదే తల్లీ... మేం ఇప్పుడే బయల్దేరాలి!"